మా డేరాలో కరువు ఆట

మా ఆయన హైదరాబాదు నుంచి ఆ సినిమా డబ్బాలు తెచ్చినప్పుడు కూలివాణ్ణి ముట్టనివ్వలేదు. బస్సు మీద నుంచి దింపించుకుని, ఒక్కొక్కటీ తనే మోసుకొచ్చి, డేరా వెనక మేముండే గుడిసెలో గోడవారగా పేర్చాడు. ముఖం కడుక్కోలేదు, బువ్వ అడగలేదు. వాటి పక్కనే చాప మీద కూర్చున్నాడు.

"గిది ఉత్త సినిమా కాదు," అన్నాడు. "బొంబాయిల దీనికి బంగారు పతకం ఇచ్చిన్రు. పేపర్లల్ల మస్తు రాసిన్రు. నేను సూసిన. అయిపోయినంక గుడ లేవబుద్ధి కాలే."

"పాటలున్నయా?" అని అడిగాను.

"ఒక్కటున్నది. ఇసురుకుంట పాడేది."

"కొట్లాటలు?"

"లెవ్వు."

"నవ్విచ్చెటోడు?"

ఒక డబ్బా మూత ఊడితే నొక్కిపెట్టాడు. నేనూ ఇంక అడగలేదు. ఆ రోజుల్లో మూడు మాటల తర్వాత నాలుగో మాట అడిగే ఓపిక నాకు ఉండేది కాదు.

అప్పుడు లడాయి నడుస్తోంది. జర్మనీ అనీ జపాను అనీ మగవాళ్లు మాట్లాడుకునేవారు గానీ, సిద్దిపేటలో నాకు లడాయి అంటే ఇంజనుకు నూనె దొరక్కపోవడమే. మాది ఊళ్లు తిరిగే సినిమా డేరా. వానలు వెనకపట్టాక అంగడి జరిగే మైదానం పక్కన గుంజలు పాతి గుడ్డ కట్టేవాళ్లం, ఎండలు ముదిరేదాకా అక్కడే. మిషను ఒక్కటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆపి, దీపం వేసి, కొత్త రీలు ఎక్కించాలి. ఆ పనంతా మా ఆయనదే. డేరా మధ్యలో పొడుగునా ఒక పరదా ఉండేది. అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు. ఆడవాళ్ల వైపు నాది. చీటీలు చింపడం, జాగ కోసం కొట్లాడుకుంటే సర్దడం, చంటిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే తల్లిని కాసేపు బయటికి పంపడం. రోజూ అదే పని. ఆట అయ్యాక నేలంతా ఊడిస్తే చిక్కుడు తొక్కలు, పల్లీపొట్టు, ఒక్కోసారి ఎవరి కాలి మెట్టో దొరికేది.

సినిమాలు చాలావరకు హిందుస్తానీవి. పట్నంలో ఉర్దూ తెలిసినవాళ్లకు సరే, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చే రైతులకు ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని తెర పక్కన నిలబడి తెలుగులో కథ చెప్పడానికి ఒక పెద్దాయనను పెట్టుకున్నాం. ఒకప్పుడు కచేరీ ముందు కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాడు. చూపు మందగించి ఆ పని మానుకున్నాడు. తెరమీద బొమ్మ కూడా ఆయనకు మసకగానే కనిపించేది. అయినా గొంతు ఖంగుమనేది. అందరూ చాచా అనేవాళ్లు. రాజు నిలబడితే చాచా నిలబడేవాడు, దొంగ పరిగెత్తితే ఒగర్చేవాడు. సినిమాలో లేని మాటలు కూడా చెప్పేవాడు. ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇవన్నీ చెప్తున్నాను గానీ అసలు సంగతి చెప్పలేదు. ఆ ఏడు వానాకాలంలోనే మా బిడ్డ పోయింది. నాలుగేళ్లది. ఊళ్లోకి గత్తర వచ్చింది. తెల్లవారి వాంతులు మొదలైతే దవాఖానకు ఎత్తుకుపోయాం. పొద్దు గుంకకముందే బట్టలో చుట్టి తిరిగి తెచ్చుకున్నాం. నేను ఊరంతా వినేలా ఏడ్చాను. వాడకట్టు ఆడవాళ్లంతా నన్ను పట్టుకుని ఏడ్చారు. మా ఆయన మాత్రం ఏడవలేదు. మట్టి చేసి వచ్చి, స్నానం చేసి, డేరా ఇంజను మొత్తం విప్పి ముందు పెట్టుకున్నాడు. వానాకాలం ఆటలే లేవు, దాంతో పనే లేదు. ఒక్కొక్క మరమేకు తుడిచి గుడ్డమీద వరసగా పెట్టాడు. మర్నాడు కూడా అంతే. బిడ్డ పేరు ఆయన నోట మళ్లీ రాలేదు. నేను ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. కొన్నాళ్లకు నేనూ ఎత్తడం మానేశాను.

ఆ సినిమా వేసిన మొదటి రోజు డేరా నిండింది. బండికి బొమ్మల కాగితాలు కట్టి, ముందు డప్పు కొట్టించుకుంటూ అన్ని వాడలూ తిప్పించాడు మా ఆయన. బంగారు పతకం అని కేకలు పెట్టించాడు. పతకం అంటే రాజుల కథేమో, రాణి మెడలో వేసుకునేదేమో అనుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

దీపాలు ఆరాయి. తెరమీద ఎండిపోయిన చెలక కనిపించింది. దాని మీద ఒక మనిషి నడుస్తున్నాడు. వెనక వాయిద్యం లేదు. అడుగుల చప్పుడు, గాలి చప్పుడు. అలా నడుస్తూనే ఉన్నాడు. ఎక్కడికి పోతున్నాడో ఎవరూ చెప్పరు.

"గీయన నడుస్తుండు," అన్నాడు చాచా గట్టిగా. కాసేపాగి, "ఇంక నడుస్తనే ఉన్నడు," అన్నాడు.

మగవాళ్ల వైపు నవ్వులు. "ఎప్పుడు సేరుతడు చాచా?" అని ఎవడో అరిచాడు. "పాట వెయ్యి!" అని ఇంకొకడు.

కానీ ఆ నవ్వులు ఎక్కువసేపు సాగలేదు. కథ చిన్నది. ఇతరుల భూమి చేసుకునే ఒక రైతు, అతని పెళ్లాం, ఒక ఆడపిల్ల. వానలు పడవు. భూస్వామి మనిషి గింజల కోసం వచ్చి, కూర్చోమని ఎవరూ అనకముందే మంచం మీద కూర్చుంటాడు. రైతు నిలబడే ఉంటాడు, పెళ్లాం తలుపు చాటుకు తప్పుకుంటుంది. ఆ మనిషి వాళ్లను ఒక్క మాట కూడా అనడు. కాళ్లూపుకుంటూ గుడిసె పైకప్పు కేసి చూస్తాడు. అంతే. ఆడవాళ్ల వైపు ఒకామె గుసగుసగా, "మా దొర మనిషి అచ్చం గిట్లనే కూసుంటడే," అంది. పక్కనామె ఆమె నోటిమీద చెయ్యి పెట్టింది. అప్పటినుంచి డేరాలో చప్పుడు లేదు. పల్లీలు ఒలిచే చప్పుడు కూడా ఆగింది. ఇన్నేళ్లలో రాముడు తెరమీదికి వచ్చినప్పుడు దండాలు పెట్టడం చూశాను, విలన్‌ను రాళ్లతో కొట్టబోవడం చూశాను. అంత నిశ్శబ్దం మాత్రం చూడలేదు.

బర్రెను అమ్ముకుంటారు. పిల్లకు జ్వరం వస్తుంది. పిల్ల పోవడం తెరమీద చూపించరు. తండ్రి గోడకు ఆనుకుని తల వంచుకు కూర్చున్నాడు, అదే చూపించారు, చాలాసేపు. మనకు తెలిసిపోతుంది. చాచా ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత ఆ తల్లి రొట్టెలకు పిండి తీస్తుంది. కుండలో చెయ్యి పెట్టి ఒక పిడికిలి తీసి తట్టలో వేస్తుంది. రెండో పిడికిలి వేస్తుంది. మూడో పిడికిలి తీసి, ఆగి, దాన్ని చూసుకుని, మెల్లగా మళ్లీ కుండలోకి వదులుతుంది.

చీటీల డబ్బా గట్టిగా పట్టుకున్నాను.

ఆ పని నేను చేశాను. బిడ్డ పోయిన తర్వాత వాడకట్టు వాళ్లు వండి పెట్టడం మానిన రోజు, మొదటిసారి మా పొయ్యి నేనే ముట్టించుకున్న రోజు. గట్క వండడానికి జొన్నరవ్వ తీస్తూ దాని వంతు పిడికిలి కూడా తీశాను. తీసి, గుర్తొచ్చి, తిరిగి పోశాను. ఎవరూ చూడలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది? దానికి ఏడుపు కూడా రాలేదు నాకు. అది నా ఒక్కదానికే తెలిసిన సంగతి అనుకుని నాలుగు నెలలుగా మోస్తున్నాను. బొంబాయిలో ఎవరో ముఖం తెలియని మనిషి దాన్ని తెలుసుకుని, అంత పెద్ద బొమ్మ చేసి, సిద్దిపేట అంగడి మైదానంలో అందరి ముందూ పెట్టాడు.

సంతోషమా అంటే కాదు. కోపమా అంటే అదీ కాదు. ఎవరో నా వీపు నిమిరినట్టూ ఉంది, నా కొంగు లాగినట్టూ ఉంది. పరదా ఎత్తి బయటికి పోయి గుంజ పట్టుకుని నిలబడ్డాను. లోపల సినిమా అయిపోయింది. ఆ తల్లి గడపమీద కూలబడటంతో అయిపోతుందని తర్వాత తెలిసింది.

జనం మాట్లాడకుండా బయటికి వచ్చారు. ఎప్పుడూ ఆట అయ్యాక బండ్లు కట్టుకుంటూ అరగంట సేపు కథ మళ్లీ చెప్పుకునేవాళ్లు, పాట కూనిరాగం తీసేవాళ్లు. ఆ రోజు ఎద్దుల గంటలే వినిపించాయి. కోహెడ నుంచి వచ్చిన ఒక ఆడమనిషి, పత్తి అమ్మడానికి వచ్చినప్పుడల్లా ఆట చూసి పోయేది, నా దగ్గర ఆగింది.

"మంచిగ తీసిన్రు అక్కా," అంది. "అబద్ధమేం లేదు. గని ఇంగోపారి రమ్మంటె మాత్రం రాను."

"ఎందుకు?"

"ఎందుకేంది! ఇంటికాడ ఉన్నదే గద. ఇంటికి పోతె అదే, ఈడికొస్తె అదే. నేనేడికి పోవాలె మరి?"

రెండో రోజు జనం సగమయ్యారు. మూడో రోజు ఇంకా పలచబడ్డారు. పేరు మాత్రం పాకింది. దాని హిందుస్తానీ పేరు ఎవరికీ నోరు తిరగక 'కరువు ఆట' అన్నారు. అటుకేసి పోవద్దు, కరువు ఆట నడుస్తోంది అని నవ్వుకునేవాళ్లు. మా ఆయన ఒప్పుకోలేదు. "తెల్వక రాలేరు. తెలిస్తె వాళ్లే వస్తరు," అన్నాడు. డప్పువాణ్ణి మళ్లీ పంపాడు. ఈసారి నారాయణరావుపేట దాకా.

ఆయన మాటకు తగ్గట్టు ఒక వకీలుగారు వచ్చారు. నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఆట అయ్యాక మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. వకీలుగారి కళ్లు నిజంగానే ఎర్రబడి ఉన్నాయి.

"ఇది గదా సినిమా అంటే," అన్నారు. "ఆ తల్లి ఒక్క మాట మాట్లాడలే, ఒక్కసారి నోరు తెరిచి ఏడ్వలే. ఎంత అందంగ చూపించిన్రు ఆ దుఃఖాన్ని! పతకం ఊరికే ఇయ్యలే."

మా ఆయన ముఖం వెలిగింది. నాకు ఆ మాట మనసులో ముల్లులా నిలిచింది. నోరు తెరిచి ఏడవలేదు, అందుకని అందంగా ఉంది. నేను నోరు తెరిచే ఏడ్చాను. మా వాడలో ఎవరు పోయినా ఆడవాళ్లు నోరు తెరిచే ఏడుస్తారు. పోయిన మనిషి పుట్టిన దగ్గర్నుంచి చెప్పుకుని, దేవుణ్ణి తిట్టి, ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తారు. ఇంకో సంగతి కూడా ఉంది. బిడ్డను మట్టి చేసిన మూడో రోజు పక్కింటి ముసలమ్మ, అది ఒకసారి వాళ్ల కోడిపెట్టను కుండలో పెట్టి మూత వేసిన సంగతి చెప్తే నేను నవ్వాను. కళ్లనీళ్లు కారుతుంటే పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత ఇంకా ఎక్కువ ఏడ్చాను. ఆ సినిమాలో మొదటి నుంచి చివరిదాకా ఎవరూ నవ్వలేదు. పిల్ల బతికి ఉన్నప్పుడు కూడా నవ్వలేదు. పక్కింటి మనిషి ఒక్కతీ ఆ గుడిసెలోకి రాలేదు. కరువులో ఉన్నవాళ్లు అట్లా బొమ్మల్లా మౌనంగా ఉంటారని తీసినవాళ్లు అనుకున్నారేమో. పిడికిలి సంగతి తెలిసిన మనిషికి ఈ సంగతి ఎందుకు తెలియలేదని నాకు వింతగా ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక పూట, రీలు మార్చే వేళకు మా ఆయనకు చాయ్ ఇద్దామని మిషను గదికి పోయాను. గది అంటే రేకులతో కట్టిన డబ్బా, లోపల నిలబడితే తల తగిలేది. రేకు తలుపు తోస్తే ఆయన మిషనుకు అటువైపు నిలబడి, చిన్న కంతలో నుంచి తెరకేసి చూస్తున్నాడు. తండ్రి గోడకు ఆనుకుని కూర్చున్న చోటు నడుస్తోంది. ఆయన భుజాలు కదులుతున్నాయి. దగ్గేమో అనుకున్నాను. మిషను వెలుగు ముఖం మీద పడింది. గడ్డం దాకా తడిసింది.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. మర్నాడు కావాలని ఆ చోటు నడిచే వేళకే పోయాను. మళ్లీ అంతే. రోజూ అదే చోట, అదే ఏడుపు.

ఇది తెలిసినప్పుడు నా మనసు కరిగి ఉంటుందని ఎవరైనా అనుకోవచ్చు. కరగలేదు. ఒళ్లంతా మంట పుట్టింది. అటు బొంబాయిలో వేషం వేసిన పిల్ల, ఆట అయ్యాక లేచి ఇంటికి పోయి అన్నం తిని ఉంటుంది. దానికోసం రోజూ ఏడుస్తున్నాడు. మా బిడ్డ కోసం ఇంజను తుడిచాడు.

అప్పటికి జనం చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతయ్యారు. చాచాకు అది కష్టంగా ఉండేది. ఖాళీ డేరాలో ఆయన గొంతు ఆయనకే ఎదురొచ్చేది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఆయన కథ మార్చేశాడు.

పిల్లకు జ్వరం వచ్చిన చోట ఎప్పటిలా మాట్లాడకుండా ఊరుకోలేదు. "పోరికి జరం తగ్గింది," అన్నాడు పెద్ద గొంతుతో. "తగ్గింది గని మస్తు నీరసమున్నది. గందుకని అమ్మమ్మోళ్ల ఊరికి తోలిచ్చిన్రు. ఆడ పాలున్నయి, పెరుగున్నది. తండ్రికి బెంగైంది. బిడ్డను ఇడిసి ఉండలేడు గద, గందుకే గట్ల కూసున్నడు."

ఆడవాళ్ల వైపు అమ్మయ్య అని నిట్టూర్చారు. ఒక ముసలామె "సల్లగుండని," అని చేతులు జోడించింది. పిండి తీసే చోటు వచ్చింది. "సూడున్రి," అన్నాడు చాచా. "మర్శిపోయి బిడ్డకు గుడ తీసింది. బిడ్డ ఊర్ల లేదాయె. మల్ల పోస్తుంది. వచ్చినంక చేసి పెడ్తది తీయ్."

చీకట్లో నిలబడి ఆ మాట నమ్మాను. ఒక్క క్షణం, నిజంగా నమ్మాను. మా బిడ్డ కూడా ఎక్కడికో పోయిందనీ, వచ్చాక చేసి పెట్టవచ్చనీ అనిపించింది. ఒంట్లో బరువంతా దిగిపోయినట్టయింది. అంతలో మిషను ఆగిపోయింది.

దీపం వెలిగింది. మా ఆయన రేకు గదిలోంచి దిగి, జనం మధ్య నుంచి తెర దాకా వచ్చాడు.

"ఎందుకు చెప్తున్నవ్ గట్ల?" అని అరిచాడు. "పోరి సచ్చిపోయింది! గా సినిమాల ఒక్క అబద్ధం లేదు. నువ్వెందుకు కలుపుతున్నవ్?"

చాచా మెల్లగా అన్నాడు: "భాయ్, పొద్దంత చేన్ల పనిచేసి వచ్చిన్రు వీళ్లు. సావు సూసెటందుకు డేరాల దాక రావాల్నా?"

"గది నిజం. నిజం చెప్పాలె."

"నిజమే. నేను కాదంటున్ననా? గంత సేపు నిజం జెప్పినోడు, జెర ఊపిరి తీస్కోనియ్యాలె గద. ఊపిరి తీస్కోనిస్తలేదు నీ సినిమా."

"అయితె నువ్వు చెప్పనే చెప్పకు!"

చాచా చేతికర్ర కింద పెట్టి, మొదటి వరసలో నేలమీద జనంతో కూర్చున్నాడు. మా ఆయన తిరిగి గదిలోకి పోయాడు. మిగిలిన సినిమా తెలుగు మాట లేకుండా నడిచింది. దానికి ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఇందాక సల్లగుండని అన్న ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తల్లి గడప మీద కూలబడేసరికి మా వైపు ఉన్న ఆడవాళ్లందరూ ఏడుస్తున్నారు. పైకి వినిపించేలాగే ఏడ్చారు. నేను దీపం వెలిగేదాకా ఎవరినీ చూడలేదు.

మర్నాడు పొద్దున మా ఆయన గుడిసె ముందు కూర్చుని రీళ్లు తిరగచుడుతున్నాడు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేతి వేళ్ల మధ్య ఫిల్ము జారనిస్తే ఎక్కడ తెగిందో తెలుస్తుంది. నేను ఎదురుగా కూర్చుని జొన్నలు చెరుగుతున్నాను. ఆపుకోలేకపోయాను.

"గా పోరికి రోజు ఏడుస్తున్నవ్," అన్నాను.

చక్రం ఆగింది.

"సూసిన. రోజు సూస్తున్న. మన బిడ్డకు ఒక్క సుక్క రాలే నీ కండ్లల్ల."

ఫిల్ము ఆయన చేతుల్లో అట్లాగే ఉంది. తర్వాత, "రాలే," అన్నాడు. "ఆ పొద్దు రాలే. ఏం జెయ్యమంటవ్ నన్ను? అందరు నన్నే సూస్తున్నరు. ఏడుస్తడా ఏడ్వడా అని. లోపల మట్టిబెడ్డ పడ్డట్టైంది. హైదరాబాదుల గా సినిమా సూస్తె, ఆయన కూసున్నడు సూడు గోడకు. గదే. నేను గట్లనే ఉన్న. నన్నెవ్వరో సూసి తీసినట్టనిపిచ్చింది. చీకటుండె. ఎవ్వరు సూస్తలేరు. ఏడ్సిన."

నాకు జాలి కలిగింది. కోపం కూడా పోలేదు. రెండూ ఉన్నాయి.

"నీది సూపిచ్చింది," అన్నాను. "నాది గుడ సూపిచ్చింది. పిండి తీసి మల్ల పోసుడు. నేను పోసిన."

ఆయన తలెత్తి చూశాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు కదా.

"గని గడపల పడ్డంక ఏమైంది?" అన్నాను. "ఆమె మల్ల లేసిందా లేదా? తెల్లారి పొయ్యి ముట్టిచ్చిందా? మొగడు ఆమెతోని ఒక్క మాటన్న మాట్లాడిండా? పతకం ఇచ్చెటోళ్లకు గది అక్కర లేదు. పడ్డకాడికి సూసి లేసి పోయిన్రు. నేను లేసిన గద. లేసి నీకు వండి పెడ్తున్న గద. గది ఎవ్వడు తీస్తడు సినిమా?"

గొంతు పెద్దదయిందని నాకే తెలిసింది. దారిన పోతున్న ఒకతను ఆగి చూసి పోయాడు. మా ఆయన మళ్లీ చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. నేను చాట ఎత్తుకుని లోపలికి పోయాను. అంతకంటే ఏమీ కాలేదు ఆ పొద్దున.

గడువు తీరకముందే డబ్బాలు హైదరాబాదుకు తిరిగి పంపేశాడు. పంపే ముందు ఒక పెద్ద గుడ్డ తీసుకుని వాటిని తుడిచాడు. నన్ను సాయం రమ్మనలేదు. చాచా ఇంటికి స్వయంగా పోయి పిలుచుకొచ్చాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తర్వాత వచ్చిన దేవుళ్ల సినిమాకు జనం విరగబడ్డారు. చాచా రాక్షసుడిలా నవ్వితే పిల్లలు జడుసుకున్నారు. మళ్లీ నేలమీద పల్లీపొట్టు. కోహెడ ఆమె కూడా వచ్చింది, చెల్లెల్ని తీసుకుని.

ఎండలు ముదిరాక డేరా విప్పి హుస్నాబాదు వైపు పోతున్నాం. బండిలో నేను, ఆయన, గుంజలు, గుడ్డల మూటలు. ఎద్దులు అలిసి నెమ్మదిగా నడుస్తున్నాయి. ఎంతో దూరం వచ్చాక ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

"దానికేమిష్టముండె తిననీకి?"

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక దిగులేసింది. నాలుగేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాడు, ఆయనకు తెలియదు. పొద్దంతా ఇంజను, రాత్రంతా మిషను. ఆయన ఇంటికి వచ్చేసరికి అది పండుకుని ఉండేది.

"మక్కపేలాలు," అన్నాను. "ఉప్పు కారం వెయ్యొద్దు. ఉత్తయే. ఒక్కొక్కటి ఏరుకుని తింటుండె. పగులనియి నాకిచ్చేది."

ఆయన తల ఊపాడు. కాసేపటికి ఇంకోటి అడిగాడు. అది ఎప్పుడు నడక నేర్చిందని. చెప్పాను. చెప్తూ చెప్తూ అలసిపోయి గుడ్డల మూట మీద తల వాల్చాను. ఊరు వచ్చేదాకా అప్పుడొకటి అప్పుడొకటి అడుగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత కూడా, ఎప్పుడో ఒకసారి, ఏ పని మధ్యలోనో అడిగేవాడు. ఏడవడం మాత్రం నా ఎదుట ఎప్పుడూ ఏడవలేదు.

లడాయి అయిపోయింది. దాని వెనకే మా దగ్గర గడబిడ రోజులు వచ్చాయి. చీకటి పడితే జనం ఇల్లు కదలడం మానేశారు, డేరా కట్టడానికి మాకూ ధైర్యం లేకపోయింది. ఉన్నదంతా ఎవరికో ఇచ్చేసి హైదరాబాదు చేరాం. ఆయనకు ఒక సినిమా హాల్లో మిషను నడిపే పని దొరికింది. చాచా సిద్దిపేటలోనే ఉండిపోయాడు. చూపు పూర్తిగా పోయిందని తెలిసింది. మాకు ఇద్దరు కొడుకులు పుట్టారు.

పట్నంలో అట్లాంటి సినిమాలు అప్పుడప్పుడు వచ్చేవి, పతకాలు వచ్చినవి, పేపర్లలో పొగిడినవి. ఆయన ఒక్కటీ వదిలేవాడు కాదు. ప్రతిసారీ నన్ను రమ్మనేవాడు. నువ్వు పోయి రా అనేదాన్ని. ఒకసారి అట్లా చూసి వచ్చి, పొయ్యి దగ్గర పీట వేసుకుని నాకు కథ చెప్పడం మొదలుపెట్టాడు. నేను వంకాయలు కోస్తూ విన్నాను. బాగానే ఉంది. పడవ నడిపేవాడి కథ. వాడి తల్లికి జబ్బు చేసే దగ్గరికి వచ్చింది.

"ఇగ సాలు," అన్నాను.

ఆయన ఆపేశాడు. కూర్చున్న చోటే కూర్చుని, ఒక వంకాయ తీసుకుని, దాని ముచ్చిక తెంపి నా చేతికిచ్చాడు.